ఎదురింటి కోడికూర, మా ఇంటి పప్పు: ఏది మేలు?

లిఫ్టు దగ్గర నిలబడి ఇద్దరం రిపోర్టులు మార్చుకుని చూసుకున్నాం. మా అపార్టుమెంటులో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. నా హిమోగ్లోబిన్ 10.2, ఎదురు ఫ్లాట్ అమ్మాయిది 9.6. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. మాది గుంటూరు వైపు, తరతరాలుగా గుడ్డు కూడా ముట్టని ఇల్లు. వాళ్ళది కరీంనగర్ వైపు, ముక్క లేనిదే ముద్ద దిగదు. "ప్రతి ఐతారం నీసు తింటం గద అక్కా, నాకెట్ల రక్తం తక్కువైతది? నువ్వంటే ఆకులూ అలములూ..." అని సగంలో ఆగి నవ్వేసింది.

నాకు నవ్వొచ్చినా, ఆ ప్రశ్న మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది. పదేళ్ళు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని, ఇలాంటి లెక్కలంటే కాస్త సరదా. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రలోనూ 15 ఏళ్ళు దాటినవాళ్ళలో దాదాపు 98 శాతం మాంసాహారులే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నూటికి 98 మంది ముక్క తినే చోట సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తం చాలడం లేదంటే, "నీసు తింటే బలం, తినకపోతే నీరసం" అని మనం అనుకునే లెక్కలో ఎక్కడో తప్పుంది. ఆ తప్పు వంటింట్లోనే దొరికింది.

మా వాడు కేకులు చేస్తానని కొనిపించిన చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి అటక మీద పడి ఉంది. దాన్ని దించి ముందు మా పప్పు తూచాను. రోజూ నేను కుక్కర్లో వేసే కందిపప్పు ఒక గ్లాసు, 150 గ్రాములు. మేం నలుగురం, అదే రెండు పూటలకీ. కందిపప్పులో నూటికి 22 గ్రాములు మాంసకృత్తులు, అంటే ప్రొటీన్. కాబట్టి మనిషికి రోజు మొత్తం మీద పప్పు నుంచి వచ్చేది 8 గ్రాములు. అన్నానికి మనిషికి పావుకిలో బియ్యం అనుకుంటే అందులోంచి 20 గ్రాములు. పెరుగు, కాఫీలో పాలు కలిపి ఇంకో 10. ఇడ్లీలో మినప్పప్పు, కూరగాయలు అన్నీ వేసుకున్నా 43, 44 దగ్గర ఆగిపోయింది.

మరి ఎంత కావాలి? మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క, ఒంటి బరువు కిలోకి 0.83 గ్రాములు. నేను 58 కిలోలు, అంటే 48 గ్రాములు. పెద్ద తేడా లేదు కదా అనిపిస్తుంది. కానీ ఆ 0.83 మంచి రకం ప్రొటీన్ తినేవాళ్ళకి. మనలా సగం అన్నం నుంచే వచ్చేటప్పుడు కిలోకి ఒక గ్రాము చూసుకోమంటారు. అంటే నేను రోజూ 14 గ్రాములు తక్కువ తింటున్నాను, కడుపు నిండా తింటూనే.

ఇప్పుడు ఎదురిల్లు. ఆదివారం కిలో కోడి తెస్తారు. ఎముకలు పోను 650 గ్రాములు అనుకుందాం, అందులో ప్రొటీన్ 140 గ్రాముల పైచిలుకు. అత్తా మామా, మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురు. సమంగా పంచితే తలా 24 గ్రాములు. ఆ పూటకి దివ్యంగా ఉంటుంది. కానీ వారానికి పరిస్తే రోజుకి మూడున్నర గ్రాములు కూడా పడదు! పైగా సమంగా ఎవరు పంచుతారు? లెగ్గు పీసులు పిల్లలకి, మంచి ముక్కలు మామకీ మొగుడికీ. "నీకేం మిగులుతుంది?" అని అడిగితే, "షేర్వ ఉంటది గద అక్కా" అంది. ఒంట్లో కొవ్వుకి ఉన్నట్టు ప్రొటీన్‌కి గోడౌన్ లేదు, ఆదివారం తిన్నది బుధవారానికి దాచుకోదు. సోమవారం నుంచి శనివారం దాకా వాళ్ళ కంచంలో ఉండేది టమాట చారు, పచ్చిపులుసు, ఆలుగడ్డ వేపుడు, తొక్కు. పప్పు వారానికి రెండుసార్లు. "నీసు తినేటోళ్ళం, మాకు పప్పెందుకు" అనే ధీమా ఒకటి.

కాటా దగ్గర తేలింది ఇదీ. రెండిళ్ళలోనూ కంచంలో ముప్పావు వంతు తెల్లన్నమే. ఒకరు దానికి పప్పు పూస్తున్నారు, ఇంకొకరు వారానికోసారి ముక్క చూపిస్తున్నారు. 2024లో అదే పోషకాహార సంస్థ చెప్పిన రోజు కంచంలో రెండు వేల కేలరీలు తినే మనిషికి పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ ఒకే గిన్నెలో కలిపి 85 గ్రాములు పెట్టింది. కూరగాయలు 400 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, వేరుశనగల్లాంటి గింజలు 35 గ్రాములు. శాకాహారికైనా మాంసాహారికైనా గిన్నె అదే, అందులో వేసేది మారుతుందంతే. మా ఇంట్లో మనిషికి పడుతున్నది 37 గ్రాములు.

ఇలా చూస్తే ప్రొటీన్ విషయంలో శాకాహారం ఓడిపోవాల్సిన పనే లేదు. ప్రొటీన్‌కి ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో లైసిన్ అన్నంలో తక్కువ, మిథియోనిన్ పప్పులో తక్కువ. పప్పన్నం కలుపుకుంటే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. నేను గ్లాసు పప్పుని గ్లాసున్నర చేశాను, సాయంత్రం గుప్పెడు వేరుశనగలో ఉడకబెట్టిన శనగలో పెట్టుకున్నాను. లోటు దాదాపు పూడిపోయింది. మాంసాహారికి మాత్రం ఈ కూడికలు అక్కర్లేదు. రోజూ రెండు గుడ్లు తింటే 12 గ్రాములు, అదీ అన్ని అమైనో ఆమ్లాలూ ఉన్న రకం. తప్పు జరగడానికి చోటు తక్కువ. శాకాహారం సరిగ్గా తింటే అంత బలమూ ఇస్తుంది కానీ, రోజూ సరిగ్గా తినాలి.

రక్తం సంగతి వేరు. ఇక్కడ మాంసానిదే పైచేయి, దాచి ప్రయోజనం లేదు. మాంసంలో, ముఖ్యంగా కార్జంలో, ఉండే ఇనుము ఒంటికి సులువుగా పడుతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్నది చాలా కొద్దిగానే పడుతుంది. తోటకూర పప్పు తిని, చెయ్యి కడుక్కుని, వెంటనే కాఫీ తాగితే ఆ కొద్దీ పోతుంది. నేను ఇరవై ఏళ్ళుగా చేసింది అదే. టిఫిన్ తర్వాత ఒక కాఫీ, భోజనం తర్వాత ఒక కాఫీ. అదే కంచంలో నిమ్మకాయ పిండుకుంటే, ఒక జామకాయ తింటే, సి విటమిన్ వల్ల ఇనుము బాగా పడుతుంది. కాఫీని గంటన్నర వెనక్కి జరపడం నాకు ఇనుం మాత్రల కంటే కష్టమైంది. రక్తహీనతంతా ఇనుము వల్లే రాదు, నెలసరిలో ఎక్కువగా పోవడం, నులిపురుగులు, ఫోలిక్ యాసిడ్ లోటు కూడా ఉంటాయి. అందుకే ఎదురింటమ్మాయిని డాక్టరుకి చూపించుకోమన్నాను.

శాకాహారానికి అసలైన బలహీనత బి12 విటమిన్. మావారికి ఏడాది పాటు అరికాళ్ళు తిమ్మిర్లు, మంటలు. ముందు చూపించిన చోట "షుగర్ ఉంది కదా, వయసు కూడా" అని పంపేశారు. రెండో చోట బి12 పరీక్ష చేయిస్తే 148 వచ్చింది. ల్యాబులు 200 నుంచి మామూలని లెక్కేస్తాయి. బి12 ఏ ఆకులోనూ, ఏ పప్పులోనూ, ఏ గింజలోనూ దొరకదు. దాన్ని తయారుచేసేవి సూక్ష్మజీవులు, మనకి అందేది జంతువుల ద్వారా. శాకాహారికి పాలూ పెరుగే దిక్కు. అర లీటరు పాలు తాగితే ఒక రోజుకి కావలసినది దాదాపు సరిపోతుంది. మేం తాగుతున్నది నీళ్ళ మజ్జిగ, చారెడు పాల కాఫీ. ఇడ్లీపిండి పులిస్తే బి12 వచ్చేస్తుందని చుట్టాలావిడ ఒకరు ధైర్యం చెప్పారు, నమ్మకండి. స్పిరులినాలో ఉన్నదీ ఎక్కువగా మన ఒంటికి పనికొచ్చే రకం కాదు. లివర్‌లో నిల్వ ఏళ్ళ తరబడి సరిపోతుంది కాబట్టి లోటు నెమ్మదిగా బయటపడుతుంది, అప్పటికి నరాలు కొంత దెబ్బతిని ఉంటాయి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకీ, రోజూ గ్యాస్ మాత్ర మింగేవాళ్ళకీ బి12 ఇంకా తగ్గుతుంది. మావారు రెండూ వాడుతున్నారు! ఇంజెక్షన్లయ్యాక ఇప్పుడు మాత్రలు. పాలు కూడా మానేసిన పూర్తి శాకాహారులకైతే మాత్ర వేసుకోవడం తప్ప దారి లేదు.

ఇక గుండె దగ్గరికొస్తే త్రాసు మళ్ళీ ఇటు మొగ్గుతుంది. అమెరికాలో అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖకి చెందిన 73 వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి 2013లో వేసిన లెక్కలో శాకాహారుల్లో మరణాలు 12 శాతం తక్కువ. అందులోనూ అందరికంటే మెరుగ్గా తేలింది మాంసం మానేసి చేపలు మాత్రం తినేవాళ్ళు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 48 వేలమందిని చూసి 2019లో ఇచ్చిన ఫలితం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. శాకాహారుల్లో గుండెజబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం 20 శాతం ఎక్కువ. పదేళ్ళలో వెయ్యిమందికి లెక్కేస్తే గుండెజబ్బులు 10 తగ్గాయి, పక్షవాతాలు 3 పెరిగాయి. మరుసటి ఏడాది అదే బృందం శాకాహారుల్లో తుంటి ఎముక విరగడం 25 శాతం ఎక్కువని చెప్పింది.

ఇవి చూపించి "చూశారా మన శాకాహారం" అని గుండెలు విరుచుకునేవాళ్ళంటే నాకు కాస్త చిరాకు. ఆ అడ్వెంటిస్టుల్లో చాలామంది సిగరెట్టూ మందూ ముట్టనివాళ్ళు, గింజలూ ముడిధాన్యాలూ బాగా తినేవాళ్ళు. మన శాకాహారంలో పునుగులు ఉన్నాయి, మిరపకాయ బజ్జీలు ఉన్నాయి, పెళ్ళిళ్ళలో డాల్డా కమ్మదనం ఉంది, కాజాలూ పూతరేకులూ ఉన్నాయి. "శుద్ధ శాకాహారం" అని బోర్డు పెట్టిన హోటల్లో నూనెలో తేలే పూరీని గుండె శాకాహారమని వదిలిపెట్టదు. మా వంశంలో ముక్క ముట్టినవాడు లేడు, అయినా యాభై దాటి షుగర్ లేనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అటు మాంసంలోనూ అన్నీ ఒకటి కాదు. సాసేజీలు, సలామీలలాంటి నిల్వ మాంసం క్యాన్సర్ కారకమని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందంది. మేక మాంసంలాంటి ఎర్ర మాంసాన్ని "బహుశా కారకం" అన్న వరుసలో పెట్టింది. వారానికోసారి ఇంట్లో వండుకునే యాట కూరకీ, రోజూ శాండ్‌విచ్‌లో సలామీకీ తేడా ఉంది. నన్నడిగితే మాంసాహారంలో రాణి చేప. కోస్తాలో మెత్తళ్ళు ముల్లుతో సహా తింటారు కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. కవ్వళ్ళు, కానాగంతల్లో ఉన్న ఒమేగా-3 కొవ్వులు గుండెకి మేలు. అవిసె గింజల్లోనూ ఒమేగా ఉంది కానీ, ఒంట్లో పనికొచ్చే రూపంలోకి మారేది బహు కొద్ది. కాల్షియానికి మాత్రం మాకు రాగులున్నాయి, వంద గ్రాముల్లో 364 మిల్లీగ్రాములు. నువ్వులున్నాయి. ఆ గొడవ మాకు లేదు.

కాబట్టి నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. చిక్కటి పెరుగు, పాలు, రోజూ 85 గ్రాములకి దగ్గరగా పప్పులూ శనగలూ, గింజలు, ఏడాదికోసారి బి12 పరీక్ష: ఇవన్నీ ఉన్న శాకాహారం వారానికోసారి కోడి తినే ఇంటికంటే మేలు. రోజూ గుడ్డు, వారానికి రెండుసార్లు చేప, మిగతా రోజుల్లో పప్పూ ఆకుకూరా తినే మాంసాహారం మా మొన్నటి వంటకంటే మేలు. గర్భిణులకీ, పసిపిల్లలకీ, తిండి తగ్గిన ముసలివాళ్ళకీ అయితే గుడ్డు తినగలిగిన ఇంట్లో గుడ్డు మానిపించకండి. కొద్ది తిండిలో ఎక్కువ బలం కావాల్సింది వాళ్ళకే. ఆచారం వల్ల తినలేని ఇంట్లో పాలూ, పప్పూ, డాక్టరు చెప్పిన మాత్రా ఆ చోటు పూడ్చగలవు, అశ్రద్ధ చేయకపోతే.

మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకున్నాం. నాకు 11.4, ఆమెకి 11.1. డాక్టరు ఇద్దరికీ ఇనుం మాత్రలు రాశాడు కాబట్టి ఘనతంతా వంటదని చెప్పను. ఆమె ఇప్పుడు రోజూ పప్పు వండుతోంది, ఉలవచారు నా దగ్గరే నేర్చుకుంది. ఆదివారం మామకి వడ్డించే ముందే తనకి రెండు ముక్కలు గిన్నెలో తీసి పెట్టుకుంటోందట. మా పదమూడేళ్ళవాడు ట్యూషన్ నుంచి వస్తూ వాళ్ళింట్లో ఉడకబెట్టిన గుడ్డు తినొస్తున్నాడని నాకు తెలుసు. మా అత్తగారికి తెలియదు. వాడు పుక్కిలించి వస్తాడు, నేను ఏమీ అడగను.