రైడ్ అయ్యాక సైకిల్ కంప్యూటర్ అడిగే ఆ ఒక్క ప్రశ్న

హ్యాండిల్‌కి బిగించే సైకిల్ కంప్యూటర్, క్రాంక్‌కి (పెడల్‌ను పట్టుకునే కడ్డీకి) తొక్కే శక్తిని వాట్లలో చూపే పవర్ మీటర్, ఛాతీకి గుండె వేగం కొలిచే హార్ట్ రేట్ పట్టీ. ఈ మూడింటి మీద నేను పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం పవర్ మీటర్‌కే పోయింది. నాకు ఎక్కువగా పనికొచ్చింది మాత్రం దానికి సంబంధం లేని ఒక చిన్న స్క్రీన్. రైడ్ ముగించి సేవ్ చేసేటప్పుడు, ఎంత కష్టంగా అనిపించిందని ఒకటి నుంచి పది వరకు ఒక అంకె అడుగుతుంది చూడండి, అదే. ఇప్పుడు చాలా కంప్యూటర్లలో ఉంది, రైడ్లు నమోదు చేసుకునే స్ట్రావా యాప్‌లోనూ ఉంది. నాకు తెలిసిన సైక్లిస్టుల్లో ఎక్కువమంది దాన్ని పట్టించుకోకుండా దాటేస్తారు. ఈ సమీక్ష పూర్తిగా దాని గురించే. బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, మ్యాప్ ఎలా ఉంటుంది లాంటివి కొనేముందు అందరూ చదివేవే కాబట్టి వదిలేస్తున్నాను.

నేను విశాఖలో ఉంటాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. రేసులకు వెళ్లను, కోచ్ లేడు. ఏడాదిలో కొన్ని బీఆర్‌ఎంలు (గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్లు) చేస్తాను. మిగతా రోజుల్లో బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్లిరావడం, కుదిరినప్పుడు కైలాసగిరి, లేదంటే సింహాచలం ఘాట్. నలభై దాటిన వయసు. నాకు నచ్చింది మీకూ అంతే నచ్చాలని లేదు కాబట్టి ఇదంతా ముందే చెప్తున్నాను.

ఆ అంకె ఎవరో యాప్ తయారుచేసేవాళ్లు సరదాగా పెట్టింది కాదు. స్వీడన్‌కు చెందిన సైకాలజిస్టు గున్నార్ బోర్గ్ 1960లలో, శ్రమను మనిషి చేతే కొలిపించే స్కేలు ఒకటి తయారుచేశారు. అది 6 నుంచి 20 వరకు ఉంటుంది. చెప్పిన అంకెను పదితో గుణిస్తే ఆరోగ్యంగా ఉన్న యువకుల గుండె వేగానికి ఇంచుమించు దగ్గరగా వస్తుంది. పది అంకెల స్కేలు కూడా తర్వాత ఆయన ఇచ్చిందే. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి మొదట్లో నాకు దీని మీద పెద్ద గౌరవం లేదు. కొలవాలంటే వాట్లు ఉన్నాయి కదా అనిపించేది. అడుగుతోంది కదా అని అంకె నొక్కేవాణ్ణి, అంతే. అలా నొక్కుతూ పోగా కొన్నేళ్ల రికార్డు తయారైంది.

ఆ రికార్డు విలువ తెలిసింది ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో. ఆ పని చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని ఒకే ప్రశ్నకు రకరకాల చేతిరాతల్లో జవాబులు చదవాలి. ప్రతి స్టెప్పుకీ మార్కు వేయాలి, టోటల్ సరిచూడాలి. ఒక్క మార్కు తప్పినా ఆ పిల్లాడికి నష్టం, రీకౌంటింగ్‌లో బయటపడితే మనకు మాట. ఒళ్లు కదిలేది లేదు, కాళ్లకు పని లేదు. ఆ లెక్కన సాయంత్రం సైకిలెక్కితే హాయిగా ఉండాలి. అలా ఉండేది కాదు. భీమిలి వైపు 150 వాట్లతో తొక్కితే మామూలు రోజుల్లో నాకు నాలుగు అనిపిస్తుంది, పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ పోయేంత. వాల్యుయేషన్ సాయంత్రాల్లో అదే 150కి ఏడు నొక్కుతున్నాను. రుషికొండ దాటకముందే వెనక్కి తిరిగిపోదామా అనిపించేది.

ఎండాకాలం మొదలైంది కదా, ఉక్కపోత వల్లే అనుకున్నాను. విశాఖ గాలిలో తేమ సంగతి తెలిసిందే, చెమట ఆరదు. కానీ పాత రైడ్లు తెరిచి చూస్తే ఆ లెక్క కుదరలేదు. మే నెలలో సెలవులు. అప్పుడు వేడి ఇంకా ఎక్కువ. మే సాయంత్రాల్లో అదే 150 వాట్లకు నా గుండె వేగం ఎనిమిది, పది బీట్లు ఎక్కువగా ఉంది. అంటే ఒంటికి వేడి బాగానే తగిలింది. అయినా నేను నొక్కిన అంకెలు నాలుగు, ఐదు. ఏప్రిల్‌లో గుండె వేగం ఎప్పటిలాగే ఉంది, అంకె మాత్రం ఏడు. మధ్యలో వాల్యుయేషన్‌కు సెలవిచ్చిన రోజు చూశాను. ఆ సాయంత్రం మళ్లీ నాలుగు. నిద్ర తగ్గిందా అంటే అదీ లేదు. పడుకోవడం, లేవడం రోజూ ఒకే వేళకు. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లోనూ ఇదే వరస. వాట్లు మారలేదు, గుండె మారలేదు, మారింది పగలంతా నేను చేసిన పని ఒక్కటే. మీటరూ పట్టీ కలిసి ఈ సంగతి నాకు ఎప్పటికీ చెప్పేవి కావు, ఎందుకంటే ఆ రెండింటి లెక్కలో ఆ రోజులన్నీ మామూలు రోజులే.

దీని మీద పరిశోధన ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2009లో బ్రిటన్‌లో సామ్యుయేలే మార్కోరా అనే పరిశోధకుడి బృందం 16 మందిపై ఒక ప్రయోగం చేసింది. ఒకసారి తొంభై నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద వచ్చే అక్షరాలను ఏమరుపాటు లేకుండా గమనిస్తూ మీటలు నొక్కే పని ఇచ్చారు. ఇంకోసారి అంతసేపూ డాక్యుమెంటరీలు చూపించారు. రెండుసార్లూ ఆ తర్వాత వాళ్ల గరిష్ఠ శక్తిలో 80 శాతం దగ్గర ఓపిక ఉన్నంతసేపు సైకిల్ తొక్కమన్నారు. డాక్యుమెంటరీ చూసినప్పుడు సగటున 754 సెకన్లు తొక్కారు. అక్షరాల పని చేసినప్పుడు 640 సెకన్లకే ఆపేశారు. గుండె, ఊపిరి, రక్తంలో లాక్టేట్ (గట్టిగా శ్రమిస్తే పెరిగే పదార్థం) కొలతల్లో దీనికి కారణం చూపే తేడా దొరకలేదు. బుర్ర అలసినవాళ్లకు మొదటి నుంచే శ్రమ ఎక్కువగా అనిపించింది, అందుకే ఇక చాలు అనే చోటికి త్వరగా చేరారు. ఆ అక్షరాల పని వివరం చదువుతుంటే నాకు వాల్యుయేషన్ హాలే గుర్తొచ్చింది. ఏప్రిల్ సాయంత్రాల్లో నాకు కలిగింది బద్ధకం కాదని నమ్మకం కుదిరింది. ఇంట్లో వాళ్లకు కూడా ఆ మాటే చెప్పాను.

అప్పటినుంచి వాల్యుయేషన్ రోజుల్లో గట్టి తొక్కుడంతా తెల్లవారుజామునే పెట్టుకుంటున్నాను. సాయంత్రం వెళ్తే వాట్లు చూడకుండా, అంకె నాలుగు దాటనివ్వకుండా తొక్కుతాను. అలా తొక్కితే 120 వాట్లే రావచ్చు. ఆ రోజుకు అంతే.

బీఆర్‌ఎంలో ఈ అలవాటు ఇంకో రకంగా అక్కరకొచ్చింది. 400 కిలోమీటర్లకు 27 గంటల గడువు, అంటే రాత్రంతా రోడ్డు మీదే. అలాంటి ఒక రాత్రి జాతీయ రహదారి మీద అన్నవరం దాటాక, వంద వాట్లు కూడా ఎనిమిదిలా అనిపించడం మొదలైంది. కాళ్లు అయిపోయాయనుకుంటూ ఫ్లైఓవర్ ఎక్కుడు దగ్గర లేచి నిలబడి గట్టిగా తొక్కితే, కొన్ని సెకన్లు ఎప్పటిలాగే వాట్లు వచ్చాయి! మార్కోరా బృందానిదే 2010 నాటి ప్రయోగం ఒకటుంది. అందులో రగ్బీ ఆటగాళ్లు సగటున 242 వాట్ల దగ్గర ఇక తొక్కలేమని ఆపేశారు. ఆపిన వెంటనే ఐదు సెకన్లు బలం కొద్దీ తొక్కమంటే సగటున 731 వాట్లు తొక్కారు. నా కాళ్లలోనూ బలం ఉంది, లేనిది నిద్ర. దీన్ని చూసి అలసటంతా ఊహే, మనసు గట్టిచేసుకుని తొక్కేయొచ్చు అనుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా అనుకోవద్దు. పక్కనుంచి లారీలు పోతున్న రోడ్డు మీద ఆ ఎనిమిదిని మాట వినిపించుకోవాల్సిన హెచ్చరికగానే తీసుకోవాలి. నేను పెట్రోల్ బంకులో ఆగి టీ తాగి ఇరవై నిమిషాలు పడుకున్నాను. లేచాక అదే వంద వాట్లు మూడున్నర, నాలుగు. అదే వేగంతో గడువులో ముగించాను.

ఇప్పుడు ఈ ఫీచర్‌లో నాకు నచ్చనివి. సైకిల్ ఆపిన క్షణంలోనే అడుగుతుంది. చివర్లో ఎక్కుడు ఉంటే రైడంతా కష్టంగా ఉన్నట్టు తోస్తుంది, చివర్లో సముద్రపు గాలి వెనకనుంచి తోస్తే అంతా తేలికైపోతుంది. కార్ల్ ఫోస్టర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ అంకెను నిమిషాలతో గుణించి వ్యాయామ భారం లెక్కకట్టే పద్ధతి చెప్పారు. అందులో వ్యాయామం అయిన సుమారు అరగంటకు అడగమన్నారు. నేను స్నానం చేశాక ఫోన్‌లో దిద్దుకుంటున్నాను. కంప్యూటరే ఆలస్యంగా అడిగితే బాగుండేది. ఇంకో ఫిర్యాదు పెద్దది. ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఈ ప్రశ్న దానంతటదే ఆగిపోయింది. సెట్టింగ్స్‌లో లోపలెక్కడో ఆఫ్ అయి ఉంది, ఎక్కడా చెప్పలేదు. నేను గమనించేసరికి చాలా రైడ్లు ఖాళీగా మిగిలాయి. వాట్లను ఎప్పుడైనా తిరిగి చూసుకోవచ్చు. ఆ రోజు ఎలా అనిపించిందో నెల తర్వాత రాసుకోలేం. కస్టమర్ కేర్‌కి రాస్తే, ఎలా ఆన్ చేయాలో చెప్పే లింకు పంపారు. ఇది ఎవరూ వాడని ఫీచర్ అన్నట్టు చూడడం నాకు బాధగా అనిపించింది.

పవర్ మీటర్ కొన్న కొత్తలో దాన్ని తెలిసినవాళ్లందరికీ సిఫారసు చేశాను. ఇప్పుడూ తీసి పక్కన పెట్టను. కాకపోతే నాది ఎడమ క్రాంక్ మీటర్. ఎడమ కాలి బలాన్ని కొలిచి రెండింతలు చేసి చూపిస్తుంది. రెండు కాళ్లూ సమానంగా తొక్కుతున్నంతసేపు ఇబ్బంది లేదు. దూరం పెరిగి అలిసేకొద్దీ నాకు ఎడమ మోకాలు బరువెక్కుతుంది, కుడికాలు ఎక్కువ పని చేస్తుంది. అప్పుడు మీటర్ తక్కువ చూపిస్తుంది. అంటే నాకు వాట్ల లెక్క అత్యవసరమైన వేళకే మీటర్‌ను పూర్తిగా నమ్మలేను. రోడ్డు ఎక్కాక ఎండకు వేడెక్కితే మీటర్ జీరో (బలం పెట్టనప్పుడు సున్నా చూపడం) ఒకసారి సరిచేసుకోవాలి.

మనకు అనిపించేది కూడా కొన్నిసార్లు దారి తప్పిస్తుంది. గుంపులో తొక్కితే నాకు అంకె ఒకటి తగ్గుతుంది, కాఫీ తాగినా తగ్గుతుంది. కైలాసగిరి మొదటి మలుపుల్లో ఉత్సాహంలో 260 వాట్లు కూడా ఐదే అనిపిస్తాయి, పైకి వెళ్లేసరికి దాని ఫలితం తెలుస్తుంది. అక్కడ మీటర్ చూసి తగ్గించుకోవాలి. వేడి విషయంలో మాత్రం శరీరం చెప్పేదే ముందు వినాలి. 2006లో రాస్ టకర్, టిమ్ నోక్స్ అనే పరిశోధకుల బృందం, బోర్గ్ స్కేలుపై 16 అనిపించేలా తొక్కుతూనే ఉండమని సైక్లిస్టులకు చెప్పి 15, 25, 35 డిగ్రీలలో పరీక్షించింది. 35 డిగ్రీలలో వాళ్ల వాట్లు మిగతా రెండింటికన్నా వేగంగా పడిపోయాయి. మేలో నేను వాట్ల లక్ష్యం పెట్టుకోకపోవడానికి ఇదే కారణం. ఇక వాట్లు తక్కువై, గుండె వేగం, అంకె రెండూ పెరిగాయంటే నాకు జ్వరం వచ్చేముందు లక్షణం అది. ఆ రోజు తిరిగి ఇంటికే. అంకె ఒక్కటే ఉంటే దాన్ని వాల్యుయేషన్ అలసటతో కలిపేసుకునేవాణ్ణి, కాబట్టి పట్టీ ఉండాల్సిందే.

ఈ తీర్పు నాలాంటి జీవితానికి సరిపోతుంది. పగలంతా బుర్రతో పని, సాయంత్రం సైకిల్, ఏడాదిలో కొన్ని పొడవాటి రైడ్లు. పూర్తిస్థాయి రేసర్లకు, కోచ్ ఉన్నవాళ్లకు వాట్లే ముఖ్యం కావచ్చు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మొదటి కొన్ని నెలలు అంకెలు నిలకడగా రావు, నాలుగుకీ ఆరుకీ తేడా ఒంటికి తెలియడానికి టైం పడుతుంది. డబ్బు చూసుకోవాల్సినవాళ్లు పట్టీ కొని, రోజూ అంకె రాసుకుంటూ ఒక ఏడాది గడిపాక పవర్ మీటర్ గురించి ఆలోచించినా నష్టం లేదు. నేను కంప్యూటర్ మార్చాల్సి వస్తే ముందు చూసేవి రెండు: ఆ ప్రశ్న కాస్త ఆగి అడిగే ఏర్పాటు ఉందా, ఇన్నాళ్ల అంకెలన్నీ కొత్తదాంట్లోకి తీసుకెళ్లవచ్చా. మీటర్ ఒకవైపుదా రెండువైపులదా అన్నది ఆ తర్వాతే.