భాగపంపకాల దస్తావేజు రాయించుకోవడానికి నమ్మదగిన చోటు

మా అమ్మగారి పుట్టింటి ఉమ్మడి పొలానికి భాగపరిష్కార దస్తావేజు రాయించడానికి కృష్ణా జిల్లాలో ఒక సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి ఎదురుగా ఉన్న దస్తావేజు లేఖరి వద్దకు వెళ్ళాము. అంతకుముందు సంప్రదించిన మరొక చోట, అమ్మ, పిన్ని తమ వాటా వదులుకుంటున్నట్లు హక్కు విడుదల పత్రంపై సంతకం చేస్తే పని తొందరగా అవుతుందని సలహా ఇచ్చారు. ఈయన మాత్రం ముందుగా వంశవృక్షం అడిగి, తాతగారి సంతానంలో ఆడా మగా తేడా లేకుండా అందరి పేర్లనూ వయసు వరుసలో రాసుకున్నారు.

అమ్మ పెళ్ళి 1981లోను, పిన్ని పెళ్ళి 1988లోను జరిగాయి. అందువల్ల పిన్నికి తప్ప అమ్మకు వాటా రాదని పెద్ద మామయ్య అన్నారు. ఆ మాట గాలిలోంచి పుట్టింది కాదు. నందమూరి తారక రామారావు ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా తెచ్చిన సవరణ చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చినా, ఆ తేదీకి ముందే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్ర సవరణ ఆ అడ్డు తీసివేసిందని, 2005 నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిందని లేఖరి ఓపికగా వివరించారు. "పసుపు కుంకుమల కింద ఏమిచ్చారన్నది మీ ఇంటి లెక్కండీ, ఇక్కడ రాయవలసింది చట్టం చెప్పిన వాటా" అన్నారు. మామయ్య ఒప్పుకున్నారు.

కేరళ 1975లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసింది. ఆ పద్ధతిని ఉంచుతూనే కూతురిని హక్కుదారుగా చేర్చే దారిని మొదట వేసింది మన రాష్ట్రమే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారిలో నడిచాయి. నిమ్మకూరు రైతు కుటుంబంలో పుట్టి, 1947లో గుంటూరు జిల్లాలో సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి కొద్ది రోజులకే సినిమాల కోసం వదిలి వెళ్ళిన మనిషి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాక చేసిన పనులలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే. కిలో రెండు రూపాయల బియ్యం గురించి అందరూ చెప్పుకుంటారు. ఈ చట్టం గురించి మన ఇళ్ళలో చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదని నా బాధ.

చిత్తుప్రతిని లేఖరి మొదటి నుంచి చివరి వరకు గట్టిగా చదివి వినిపించారు. తూర్పు హద్దుగా పాత దస్తావేజులో ఉన్న పేరు ఎప్పుడో చనిపోయిన రైతుదని అక్కడే బయటపడి, ఇప్పటి పట్టాదారు పేరుతో సరిచేశారు. ఆ పాత కాగితం కరణంగారి చేతిరాతలో ఉంది. తరతరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లో నడిచిన కరణం, మునసబు పదవులను 1984లో తీసివేసింది కూడా రామారావు ప్రభుత్వమే.

లోపాలు లేకపోలేదు. వృద్ధులు కూర్చోవడానికి సరైన చోటు లేదు. రాతఖర్చు న్యాయంగానే తీసుకున్నా, అడిగితే తప్ప రసీదు ఇవ్వలేదు. స్టాంపు డ్యూటీ ఎంత, తమ రుసుము ఎంత అన్నది విడివిడిగా కాగితంపై రాసి ఇస్తే బాగుంటుంది.

వెళ్ళేవారు లింకు దస్తావేజులు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), పాస్‌పుస్తకం, 1-బి (భూమి హక్కుల రికార్డు నకలు), ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వెంట తీసుకువెళ్ళాలి. అక్కచెల్లెళ్ళను సంతకాల రోజున కాకుండా, చిత్తుప్రతి చదివే రోజునే తీసుకువెళ్ళండి.