లైసెన్సుపై వేటు పడ్డాక: బండా, సైకిలా?

హెల్మెట్ లేకుండా దొరికితే 1,000 రూపాయల జరిమానాతోపాటు 3 నెలలు లైసెన్సుపై అనర్హత వేటు కూడా పడుతుందంటోంది మోటారు వాహనాల చట్టం. ఆ గడువులో అనంతపురం టవర్ క్లాక్ దాకా పనిబడితే బండి తీయాలా, సైకిలెక్కాలా?

బండి తీయడమే నేరం, ఎంత నిదానంగా నడిపినా సరే. 182వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. అసలు లైసెన్సే లేనివాడికి జరిమానా 5,000. వద్దని చెప్పాక కూడా నడిపినవాడికి రెట్టింపు వేయడం నాకు న్యాయంగానే తోస్తుంది. తెలిసీ బండి ఇచ్చిన అన్నకూ శిక్ష తప్పదు, పాపం.

సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు. కానీ జనం ప్రాణాల మీదికొచ్చేలా తొక్కితే భారతీయ న్యాయ సంహిత 281 కింద 6 నెలల వరకు జైలు, లేదా 1,000 దాకా జరిమానా, లేదా రెండూ. నేనైతే సైకిలే అంటాను, రాంగ్ రూట్లోకి పోకుండా.