దుప్పికి 45-70 తూటా: బరువు చూసి మోసపోయినా

సంక్రాంతికి పలమనేరు వచ్చినప్పటి నుంచి మా చిన్నాన్న కొడుకు ఒకటే గొడవ. "అన్నా, టెక్సస్‌లో దుప్పిని కొడతావంట గదా, ఏం తూటా వాడతావ్?" అని. ఇక్కడ 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ఉండాది, కౌండిన్య అడవిలో దుప్పి మీద చెయ్యేస్తే జైలే. అక్కడ లైసెన్సు తీసుకోని సీజన్లో కొట్టచ్చు. వాడికి చెప్పిందే రాస్తా ఉండా.

నా తుపాకి 45-70. 1873లో అమెరికా సైన్యానికి చేసిన తూటా ఇది. 45 అంటే గుండు లావు, అంగుళంలో నూరో వంతుల లెక్కన. 70 అంటే అప్పట్లో పోసిన నల్ల తుపాకిమందు తూకం, గ్రెయిన్లలో (గ్రెయిన్ అంటే చాలా చిన్న తూకం).

మొదటి సీజన్లో అంగడాయన మాట విని 405 గ్రెయిన్ల గట్టి సీసం గుండ్లు కొన్నా. ఒక్కోటి 26 గ్రాములు, మన బంగారం లెక్కన మూడు కాసులు దాటి! ఇంత బరువు తగిల్తే దుప్పి ఆడికాడే పడాల గదా అనుకున్నా. పడలా. గుండు ఈ పక్క దూరి ఆ పక్క వచ్చేసింది, విచ్చుకోనే లేదు. అది దున్నపోతుల్లాంటి పెద్ద జంతువులకి పనికొచ్చే సరుకు. తెల్లతోక దుప్పి ఒళ్ళు పల్చన, దానికి అడ్డమేముంది? మెస్కీట్ పొదల్లో (మన సర్కారు తుమ్మకి చుట్టమే, ముళ్ళు కూడా అంతే) టార్చిలైటు పట్టుకోని రెండు గంటలు నెత్తురు చుక్కలు వెతికినా. ఆ జీవాన్ని అట్లా ఏడిపించినందుకు ఆ రాత్రి అన్నం దిగలా.

మరుసటేడు హార్నడీ కంపెనీ లెవరెవల్యూషన్ తూటాలు తెచ్చినా, 325 గ్రెయిన్ల గుండుది. నా తుపాకిలో తూటాలు బారెల్ కింద ఉండే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనకదాని మొన వాడిగా, గట్టిగా ఉంటే ముందుదాని అడుగున మందుని అంటించే కేపుకి తగిలి పేలే ప్రమాదం. అందుకే ఇట్లాంటి తుపాకులకి మొద్దు ముక్కు గుండ్లే వాడేవాళ్ళు. వీళ్ళు ఎర్రగా, వంగే మొన పెట్టినారు. వాడి మొనకి గాలి అంతగా అడ్డం రాదు. సెకనుకు 2,050 అడుగుల వేగం. 100 గజాలకి గురి కంటే మూడంగుళాలు పైకి తగిలేట్టు పెట్టుకుంటే, 200 గజాలకి నాలుగంగుళాలే కిందికి దిగుతాది.

120 గజాల్లో మగ దుప్పి. ముందుకాలి వెనక కొట్టినా. ముప్పై అడుగులు కూడా పోలా. రెండోదాన్ని తొందరపడి భుజం ఎముకకి కొట్టి చేటెడు మాంసం పాడు చేసినా, ఆ తప్పు నాదే.

ఇరవై తూటాల పెట్టెకి దగ్గర దగ్గర 60 డాలర్లు పెట్టినా. అయిదుకి నాలుగు మార్కులు ఇస్తా. ఒక మార్కు తగ్గించింది దీని గుండులోనూ ఉండే సీసానికి. ఏ సీసం గుండైనా చిన్న తునకలు మాంసంలో ఉండిపోవచ్చు, గాయం చుట్టూ జానెడు కోసి పారేస్తా, ఇంట్లో పిల్లోళ్ళు తింటారు గదా. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసం పూర్తిగా బందు. పెట్టెలో ఇంకా పదకొండుండాయి. అవి అయినాక అచ్చం రాగి గుండు తెచ్చి చూస్తా.