నలభై ఎంబీపీఎస్ ప్లాన్‌తో పద్నాలుగు నెలలు

మా ఇంట్లో నలుగురం. నేను సాయంత్రాలు ఆన్‌లైన్లో లెక్కల ట్యూషన్లు చెప్తాను. మా ఆయనకు వారంలో మూడు రోజులు ఇంటినుంచే ఆఫీసు. మా వాడు కాలేజీ. అత్తయ్యకు టీవీలో పాత సీరియళ్ళు, ఒకదాని వెనక ఒకటి. ఈ నలుగురికీ కలిపి మేం వాడుతున్నది ఒక కంపెనీలో అన్నిటికన్నా చిన్న ఫైబర్ ఇంటర్నెట్ ప్లాన్: డౌన్‌లోడ్ 40 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 40. పెట్టించుకుని పద్నాలుగు నెలలైంది. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. పోయిన ఆ ఒక్క మార్కులో సగం తప్పు మాదే, అది తర్వాత చెప్తాను.

దీనికి ముందు మాది 200 ఎంబీపీఎస్. కేబుల్ టీవీ వైరు మీద వచ్చే నెట్. ఇప్పుడు కట్టేదానికి దాదాపు రెట్టింపు కట్టేవాళ్ళం. స్పీడ్ టెస్ట్ పెడితే 190కి తగ్గేది కాదు. ఆ ముల్లు అలా గిర్రున తిరిగి చివర ఆగితే మా ఆయన మొహంలో అదొక తృప్తి. కానీ నా క్లాసు మాత్రం దాదాపు రోజూ ఏడున్నర ప్రాంతంలో తెగిపోయేది. "టీచర్, మీ గొంతు రోబోలా వస్తోంది" అని పిల్లలు. వర్గ సమీకరణం సగంలో చెయ్యెత్తి బిగుసుకుపోయిన నా బొమ్మను ఎవడో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాడు కూడా.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటే జవాబు. "మా వైపు స్పీడ్ ఫుల్లుగా ఉంది మేడమ్. కావాలంటే 300 ప్లాన్‌కి మార్చుకోండి." సిగ్గు లేకుండా చెప్తున్నాను, మార్చేసుకునేదాన్నే. ఆ రాత్రి మా తమ్ముడు ఫోన్ చేయబట్టి ఆగాను.

"అక్కా, ఆ స్పీడ్ టెస్టు పక్కన పెట్టు. పింగ్ కొట్టు" అన్నాడు.

ల్యాప్‌టాప్‌లో రెండు నల్ల కిటికీలు తెరిపించాడు. ఒకదానిలో మా రూటర్ అడ్రస్, 192.168.1.1. రెండోదానిలో 8.8.8.8, అంటే బయట ఎక్కడో ఉన్న గూగుల్ సర్వర్. రెండింటికీ సెకనుకో పలకరింపు పోతుంది, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో పక్కన పడుతుంది. రూటర్ నుంచి రెండు, మూడు. బయటినుంచి ఇరవై, ఇరవై రెండు. బాగానే ఉంది కదా అనుకుంటూ క్లాసు మొదలుపెట్టాను. ఏడూ ముప్పై ఐదుకి రెండో కిటికీలో అంకె 300 అయింది, 640 అయింది, 900 దాటింది. మొదటి కిటికీలో మాత్రం అదే రెండు, మూడు. అంటే ఇంట్లో వైఫైకి ఏ రోగమూ లేదు, కొట్టుకుంటున్నది బయటికి పోయే దారి.

సరిగ్గా ఆ టైముకే మా వాడు ఇంటికొస్తాడు. వాడి ఫోను వైఫై పట్టుకోగానే ఆ రోజు తీసిన వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడుతుంది. మా ప్లాన్‌లో అప్‌లోడ్ ఎంతో తెలుసా? పది. రావడానికి 200, పోవడానికి 10. ఈ పది అన్న అంకె ప్లాన్ కాగితం మీద వెతికినా దొరకలేదు. కేబుల్ వైరు మీద నడిచే నెట్‌లో పైకి పోయే దారికి మొదటినుంచీ ఇరుకు జాగానే కేటాయిస్తారు. వీడియోలు ఆ దారిని నింపేస్తే నా గొంతు వాటి వెనక వరసలో నిలబడాలి. అంతటితో పోలేదు. మనం ఏదైనా డౌన్‌లోడ్ చేస్తున్నప్పుడు కూడా "అందింది, అందింది" అని మన వైపునుంచి చిన్న చీటీలు పైకి పోతూ ఉండాలి. అవి ఆలస్యమైతే వచ్చేదీ నెమ్మదిస్తుంది. అందుకే అదే టైములో అత్తయ్య టీవీలోనూ గుండ్రం తిరిగేది. "ఏమ్మా, దీనికి తల తిరగదూ?" అనేవారు ఆవిడ.

ఫోనులో బ్యాకప్‌ని అర్ధరాత్రికి మార్చితే క్లాసు ఆ రోజుకారోజే బాగుపడింది. కానీ నాకు కడుపు మండింది. మూడేళ్ళుగా డబ్బు కట్టింది 200కి, అవసరం ఉన్నదేమో కాగితం మీద రాయని ఆ పదిలో.

అప్పుడు కూచుని లెక్క వేశాను. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు చెప్పేదాని ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 చాలు. మా టీవీ ఫుల్ హెచ్‌డీయే. మా ఆయన మీటింగు, నా క్లాసు, ఒక్కోదానికి మహా అయితే నాలుగు, అదీ రెండు వైపులా. మా వాడి ఫోనులో వీడియో ఇంకో ఐదు. అందరం ఒకేసారి మీద పడ్డా పద్దెనిమిది! రెండొందల్లో మిగతా నూట ఎనభై రెండు ఏ పనీ లేకుండా నెలనెలా బిల్లులోకి వెళ్ళిపోతున్నాయి.

పెద్ద ప్లాన్ పనికొచ్చేది ఒక్కచోటే, అది దాచను: పెద్ద డౌన్‌లోడ్లకు. ఎంబీపీఎస్‌లో బీ అంటే బిట్లు, ఫైళ్ళు కొలిచేదేమో బైట్లలో, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఐదు మెగాబైట్లే. మా వాడి ఆట ఒకటి 50 జీబీ. 200 మీద అది ముప్పావుగంట లోపే దిగేది. 40 మీద రెండుమ్ముప్పావు గంటలు. ఈ ప్లాన్ తీసుకున్నందుకు ఇంట్లో నిజంగా నష్టపోయినవాడు వాడొక్కడే. రాత్రి పెట్టి పడుకో నాయనా అన్నాను.

ఇక కంపెనీలకు ఫోన్లు. ముగ్గురిని వాకబు చేశాను. "అప్‌లోడ్ ఎంతండీ?" అంటే ఒకచోట అమ్మాయి "స్పీడ్ అంటే స్పీడే కదా మేడమ్" అంది. పాపం, ఆ పిల్లకు ఇచ్చిన కాగితంలోనూ లేనట్టుంది. ఇంకోచోట "అన్‌లిమిటెడ్ మేడమ్, అన్‌లిమిటెడ్" అన్నాడు. ఎంత వాడాక స్పీడ్ తగ్గుతుంది అని అడిగితే కాసేపు నిశ్శబ్దం, తర్వాత "ఎఫ్‌యూపీ అయితే ఉంటుంది మేడమ్". అంటే ఇంత వాడాక స్పీడ్ తగ్గించేస్తామన్న షరతు. ఇప్పుడు మాకున్న ప్లాన్‌లో నెలకు 1000 జీబీ దాటితే స్పీడ్ 2 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. భయపడాల్సినంత లేదు. ఐదు ఎంబీపీఎస్ వీడియో గంట చూస్తే రెండుంపావు జీబీ. రోజుకు ఐదు గంటల టీవీ అనుకున్నా నెలకు 340 లోపే. అన్నీ కలిపి మాకు 450 చుట్టూ తేలుతుంది. ఒక్క నెల మాత్రం 800 దాటింది. అత్తయ్య టీవీ చూస్తూ నిద్రపోతే అది తనంతట తను ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ తెల్లారేదాకా ఆడించేసింది, అదీ వారానికి నాలుగైదు రాత్రులు. ఆటోప్లే తీసేశాం.

ధర దగ్గర మూడు కంపెనీలూ మూడు వేషాలు. ఒకరు మొదటి మూడు నెలల ధరే పెద్ద అక్షరాలతో వేశారు. ఒకరికి రూటర్ అద్దె విడిగా. ఇంకొకరు పన్ను కలపని అంకె చెప్పి, డిపాజిట్ సంగతి చివర్లో నసిగారు. నేను ముగ్గురికీ ఒకటే పని చేశాను: ఏడాదిలో నా చేతినుంచి పోయే ప్రతి పైసా కూడి, పన్నెండుతో భాగించాను. ప్రకటనలో అన్నిటికన్నా చవగ్గా కనిపించినది మూడో స్థానానికి పోయింది. తిరిగొచ్చే డిపాజిట్‌ని మాత్రం కూడలేదు. తిరిగొస్తుందన్న నమ్మకం మీద అనుకోండి.

చిన్న ప్లాన్ సాయంత్రాలు చచ్చిపోతుందేమో అని మా ఆయన అనుమానం. ఫైబర్ అయినా మనకొక్కరికే వేసిన తీగ కాదు. ఎక్కువచోట్ల వాడే జీపాన్ పద్ధతిలో ఒక తీగలో సుమారు 2500 ఎంబీపీఎస్ వస్తుంది, దాన్ని వీధిలో ఎక్కడో 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో చీలుస్తారు. లెక్కల టీచర్ని కదా, ఊరుకుంటానా? ఆ 2500 కచ్చితంగా అయితే 2488, దాన్ని 64తో భాగిస్తే 38.9. అరవై నాలుగు ఇళ్ళూ ఒకే క్షణంలో మీద పడ్డా నలభై వాడికి డౌన్‌లోడ్‌లో దాదాపు నలభై దక్కుతుంది. తన్నుకోవాల్సిందల్లా పెద్ద అంకెల వాళ్ళు. కాకపోతే ఈ లెక్క ఆ తీగ వరకే. అవతల కంపెనీ వాళ్ళు ఎంత జాగా కొనుక్కున్నారో మన లెక్కకు అందదు. అందుకే సంతకం పెట్టేముందు అదే కంపెనీ నెట్ ఉన్న పైఅంతస్తు వాళ్ళింటికి రాత్రి తొమ్మిదింటికి పోయి, పింగ్ కొట్టి చూసి వచ్చాను. వాళ్ళావిడ నన్ను వింతగా చూసిన మాట నిజమే. అంకె ఇరవై దగ్గర కదలకుండా నిలబడింది.

బిగించడానికి వచ్చిన కుర్రాడు పనిమంతుడు. పైతొడుగు ఒలిచి, స్పిరిట్ తడిపిన గుడ్డతో లోపలి గాజుపోగు తుడిచి, చిన్న కత్తెర లాంటి దానితో చివర నున్నగా కోశాడు. పోగు వెంట్రుకంత ఉందంతే. ఒక చేతిపెట్టెలో రెండు చివరలూ ఎదురెదురుగా పెడితే దాని తెర మీద రెండు స్తంభాల్లా కనిపించాయి. చిటుక్కున మెరుపు, రెండూ ఒకటైపోయాయి. నేను వంగి చూస్తుంటే "దూరంగా ఉండండి మేడమ్, తెగిన ముక్కలు కాల్లో దిగితే కనపడవు" అంటూ ఆ ముక్కల్ని టేపుకి అంటించి మడిచి జేబులో వేసుకున్నాడు. తర్వాత మీటరు పెట్టి వెలుగు కొలిచాడు. మైనస్ 19. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువన్నమాట. "బాగుంది, ఇరవై ఏడు దాటితేనే గొడవ" అన్నాడు. ఆ అంకె రూటర్ అడుగున స్టిక్కర్ మీద రాసిపెట్టించుకున్నాను.

రూటర్ని గుమ్మం పక్కనే పెట్టేసి పోదామనుకున్నాడు, వైరు అక్కడిదాకానే తెచ్చాడు మరి. "బాబూ, ఇల్లు ఇటువైపుంది కదా" అని హాలు మధ్య గోడకు, నిలువెత్తున పెట్టించాను. ఇంకో పన్నెండు మీటర్ల వైరుకి విడిగా తీసుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన ఖర్చుల్లో దానంత సార్థకమైంది ఇంకొకటి లేదు. టీవీకి నెట్ వైరు నేరుగా గుచ్చాం. మిగతావాటికి 5 గిగాహెర్ట్జ్ వైఫై. వెనక గదికి అది అంతగా అందదు, అక్కడ 2.4 మీదే నడుస్తుంది, నెమ్మదిగానే.

ఇక కోసిన మార్కు సంగతి. రెండుసార్లు రూటర్ మీద ఎల్ఓఎస్ అన్న ఎర్ర దీపం, అంటే తీగలో వెలుగు అందడం లేదని చెప్పేది, వెలిగింది. మొదటిసారి రోడ్డు తవ్వి తీగ తెంపారు. బాగు కావడానికి రెండు రోజులు. తవ్వినందుకు కంపెనీని అనను. కానీ ఎవరూ రాకముందే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ పంపించారు చూడండి, అందుకు అరమార్కు. రెండోసారి మీటరు పెడితే మైనస్ 31. అదే కుర్రాడు గోడ వెంట చూసుకుంటూ వెళ్ళి, పుస్తకాల బీరువా ముందుకు లాగాడు. ముందు రోజు సర్దుతూ నేనే దాన్ని గోడకు నెట్టాను, వెనక తీగ మడత పడి నలిగింది. వంపు మరీ బిగిస్తే వెలుగు అక్కడే బయటికి కారిపోతుందట. విప్పి కాస్త వదులుగా చుట్టగానే మైనస్ 20, దీపం ఆకుపచ్చ. అతను ఏమీ అనలేదు. నేనే అన్నాను, "ఇంట్లో ఎవరికీ చెప్పకు బాబూ" అని.

ఇంకో చిన్న లోటు. ఈ చవక ప్లాన్‌లో మనకు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటినుంచి మన ఇంటిని చేరే నెట్ అడ్రస్, ఇవ్వరు, చాలామందికి కలిపి ఒకటే. ఇంట్లో కంప్యూటర్ని బయటినుంచి నేరుగా తెరుద్దామని మా ఆయన చూశారు, కుదర్లేదు. కావాలంటే నెలనెలా అదనంగా కట్టాలన్నారు. ఊరుకున్నారు.

కరెంటు పోతే దీపాలన్నీ పోయేవి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టె ఒకటి రూటర్‌కి తగిలించాం, గంటన్నర లాగుతోంది. నా క్లాసు గంటే.

పోయిన వారం రెన్యువల్ కోసం ఫోన్ వచ్చింది. కాస్త ఎక్కువ కడితే 100కి మారుస్తామన్నారు. అప్‌లోడ్ ఎంత అని అడిగాను. "అదీ వందే మేడమ్" అని ఈసారి టక్కున చెప్పింది ఆ అమ్మాయి. మా ఆయన పక్కనుంచి సైగలు చేస్తున్నారు. మళ్ళీ ఆరు నెలలకు 40కే కట్టాను. పెద్ద డౌన్‌లోడ్లు రాత్రి పదకొండు తర్వాతే అని నేను రాసిన చీటీ రూటర్ మీద అతికించి ఉంటుంది. నిన్న చూస్తే దాని కింద మా వాడి అక్షరాలతో "100 అయితే గంటా ఏడు నిమిషాలే" అని ఉంది. లెక్క కరెక్టే.