వీఎఫ్ఎక్స్, సిరీస్, గేమ్స్: యానిమేటర్‌కి ఏది మేలు?

యానిమేషన్ నేర్చుకుని ఉద్యోగానికి బయలుదేరేవాళ్లు ముందు జీతం అడుగుతారు, తర్వాత స్టూడియో పేరు చూస్తారు. నేనైతే ఇంకో ప్రశ్న ముందు వేయమంటాను: చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? రాత్రి ఇంటికి ఎన్నింటికి చేరతారన్నది చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది.

సినిమాలకు వీఎఫ్ఎక్స్ (కంప్యూటర్‌తో చేసే విజువల్ ఎఫెక్ట్స్) చేసే స్టూడియోలు సాధారణంగా ముందే ఒక మొత్తానికి ఒప్పుకుని పని తీసుకుంటాయి. ఒక షాట్‌లో జంతువు తల తిప్పి చూడాలనుకోండి. యానిమేషన్ ఓకే అయింది, వెంట్రుకల సిమ్యులేషన్ (అవి సహజంగా కదిలేలా కంప్యూటర్‌తో లెక్కగట్టడం), లైటింగ్ కూడా అయిపోయాయి. అప్పుడు దర్శకుడు ‘తల తిప్పే ముందు ఒక్క క్షణం ఆగితే బాగుంటుంది’ అంటారు. అడిగింది సమంజసమే, షాట్ నిజంగానే బాగుపడుతుంది. కానీ ఆ తర్వాతి పనులన్నీ మళ్లీ చేయాలి, ఒప్పుకున్న మొత్తం మాత్రం చాలాసార్లు పెరగదు. ఆ తేడా ఓవర్‌టైమ్ రూపంలో ఆర్టిస్టుల మీద పడుతుంది. 2013 ఫిబ్రవరిలో రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా వీఎఫ్ఎక్స్ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ‘లైఫ్ ఆఫ్ పై’లో ఆ సంస్థ చేసిన పనికి ఆస్కార్ వచ్చింది. పనితనం లేక దెబ్బతిన్న సంస్థ కాదది.

ఎపిసోడ్లుగా వచ్చే యానిమేషన్ సిరీస్ సంగతి వేరు. యానిమాటిక్ (స్కెచ్‌లను వరుసగా కూర్చి చేసే ముసాయిదా వీడియో) లాక్ అయ్యాక షాట్ నిడివి పెద్దగా మారదు. వారానికి ఇన్ని సెకన్లని కోటా ఉంటుంది. నటనకు మెరుగులు దిద్దే తీరిక దొరకదు, అది లోటే. అయినా కొత్తవాళ్లకు ఇంతకు మించిన బడి లేదు. షాట్ల మీద షాట్లు చేస్తుంటే చెయ్యి తిరుగుతుంది, షోరీల్‌కి, అంటే ఉద్యోగం కోసం చూపించే వీడియోకి, పని త్వరగా పోగవుతుంది.

గేమ్స్‌లో పని స్వభావమే మారిపోతుంది. కత్తి విసిరే ముందు చెయ్యి బాగా వెనక్కి వెళ్లాలని, యాంటిసిపేషన్ (అసలు కదలికకు ముందు వచ్చే సన్నాహం) స్పష్టంగా కనపడాలని క్లాసులో నేర్పుతారు. గేమ్‌లో మాత్రం బటన్ నొక్కగానే దెబ్బ పడాలి. ఆ వెనక్కి వెళ్లడం కొద్ది ఫ్రేముల్లోనే అయిపోవాలి, అయినా కత్తి బరువు తెలియాలి. ఇది కుదిరినప్పుడు కలిగే ఆనందం వేరు! డిజైన్ మారితే వారాల పని పక్కన పెట్టేయాల్సి రావచ్చు. ఆ ఖర్చు స్టూడియో లేదా పబ్లిషర్ భరిస్తారు కాబట్టి విడుదల తేదీ దూరంగా ఉన్నంతకాలం టెన్షన్ తక్కువే. తేదీ దగ్గరపడితే క్రంచ్, అంటే గడువు కోసం రోజుల తరబడి అదనపు గంటల పని, మొదలవుతుంది, విడుదలయ్యాక కొందరి ఉద్యోగాలే పోతాయి. 2023, 2024లో ఈ కోతలు భారీగా జరిగాయి. అయితే రిగ్గింగ్ (పాత్ర కదిలేలా లోపల ఎముకలు, కీళ్లు అమర్చడం), గేమ్ ఇంజిన్ (గేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పని కూడా వంటబట్టిన యానిమేటర్‌కి ఒక దారి మూసుకుపోయినా ఇంకొకటి దొరికే అవకాశం ఎక్కువ.

అందుకే మొదట సిరీస్, చెయ్యి కుదిరాక గేమ్స్ అంటాను. జీవుల కదలికల మీద ప్రాణం పెట్టేవాళ్లను వీఎఫ్ఎక్స్‌కి వెళ్లొద్దని అనలేను. వెళ్లేవాళ్లు ఓవర్‌టైమ్‌కి డబ్బు ఇస్తారా, ప్రాజెక్ట్ మధ్యలో ఆగిపోతే కాంట్రాక్ట్ ఏమవుతుంది అనేవి సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అక్కడ పనిచేసి వచ్చిన ఒకరిద్దరిని కలిసి, చివరి నెలలో ఆదివారాలు ఎలా గడిచాయో అడగండి.