కారు ఏసీకి రెండు గేజ్‌ల సెట్: మళ్లీ గ్యాస్ నింపించే ముందు చదవండి

ఏసీ చల్లగా రావట్లేదని కారు తీసుకెళ్తే మొదట వినిపించే మాట "గ్యాస్ అయిపోయింది". నేనూ అదే నమ్మి రెండు నెలల్లో రెండుసార్లు నింపించాను. నింపిన రోజు ఖాళీ రోడ్డు మీద ఇంటికొస్తుంటే బాగానే ఉందనిపించేది, కానీ సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే చాలు, మళ్లీ వేడిగాలి. వెనక సీట్లో చంటిపిల్ల చెమటతో తడిసిపోతుంటే నాకు ఒకటే టెన్షన్. అసలు ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు కదా, గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది, బయటికి పోయిందంటే ఎక్కడో లీకు ఉండాలి. లీకు చూడకుండా నింపడమేంటి అని అప్పుడు కోపం వచ్చి గ్యాస్ ప్రెషర్ కొలిచే ఈ గేజ్‌ల సెట్ కొన్నాను.

నీలం గేజ్ తక్కువ ప్రెషర్ వైపుకి, ఎరుపుది ఎక్కువ ప్రెషర్ వైపుకి, మధ్యలో పసుపు గొట్టం గ్యాస్ డబ్బాకో, లోపలి గాలి లాగేసే వాక్యూమ్ పంపుకో. గొట్టాల చివర కారుకి తగిలించే కప్లర్లు రెండూ వేర్వేరు సైజులు కాబట్టి తారుమారు చేద్దామన్నా ఎక్కవు. ఇంజిన్ ఆపి చాలాసేపయ్యాక తగిలిస్తే రెండు ముళ్లూ ఒకే అంకె చూపించాలి, ఆర్134ఏ గ్యాస్ అయితే 30 డిగ్రీల వేడిలో 95 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాకా ఉంటుంది. కానీ లోపల గ్యాస్ కొంచెం ద్రవరూపంలో మిగిలి ఉన్నా ఇదే అంకె వస్తుంది, కాబట్టి ఇది చూసి గ్యాస్ నిండుగా ఉందనుకోవద్దు. అసలు సంగతి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్‌లో పెట్టాకే తెలుస్తుంది.

నా కారులో ఏం జరిగిందో చెప్తాను. మామూలుగా నీలం ముల్లు 25 నుంచి 45 మధ్య, ఎరుపుది ఎండరోజున 200, 250 దగ్గర ఉంటే ఫర్వాలేదు. నాది నీలం 60 చూపించింది, ఎరుపు ఆగకుండా 300 దాటింది, ఇంతలో కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) క్లచ్ టక్‌మని ఆగిపోయింది. గ్యాస్ తక్కువైతే రెండూ తగ్గాలి కదా, ఇక్కడ రెండూ ఎక్కువ! వెంటనే ముందుకెళ్లి చూస్తే కండెన్సర్ (వేడెక్కిన గ్యాస్‌ని చల్లార్చే జాలీ) ఫ్యాన్ తిరగట్లేదు. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలి ఆ పని చేసేస్తోంది, ఆగితే చేసేవాళ్లు లేరు. ఇంజిన్ ఆపి, ఫ్యూజుల డబ్బాలో హారన్‌ది అదే నంబరు రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) ఉంటే దాన్ని తీసి ఫ్యాన్‌కి పెట్టాను. ఫ్యాన్ తిరిగింది, ఎరుపు ముల్లు కళ్లముందే దిగింది. రెండు నెలల బాధ ఒక చిన్న రిలే!

అయినా నీలం ఇంకా 50 మీదే ఉంది. బానెట్ కింద స్టిక్కర్ మీద 500 గ్రాములని రాసి ఉంటే, గ్యాస్ తీసి తూచే మెషీన్ ఉన్న వేరే షాపులో తీయిస్తే 640 వచ్చింది, అంటే రెండుసార్లూ తూకం వేయకుండా అందాజుగా కొట్టేశారన్నమాట. అక్కడ అరగంట వాక్యూమ్ పెట్టి, తూకం ప్రకారం నింపాక నీలం 35, ఎరుపు 220. సిగ్నల్ దగ్గర కూడా చల్లగానే ఉంది.

ఇక వేరే రకం రీడింగులు కూడా చెప్పేస్తాను. రెండూ తక్కువుంటే గ్యాస్ లీకు, గొట్టాల జాయింట్ల దగ్గర నూనె జిడ్డు కోసం వెతకండి. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ ఉంటే కంప్రెసర్ ఒత్తిడి పెంచలేకపోతోందని అనుమానించాలి. నీలం సున్నా కిందికి లాగేస్తుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్‌ని సన్నగా వదిలేది) దగ్గర అడ్డం పడి ఉండొచ్చు. గాలే సరిగ్గా రాకపోతే మాత్రం గేజ్ ముట్టుకోకముందే కేబిన్ ఫిల్టర్ తీసి చూడండి.

సెట్‌లో లోపాలు కూడా ఉన్నాయి. డయల్ మీద మూడు నాలుగు గ్యాసుల స్కేళ్లు చిన్న అక్షరాల్లో కుక్కేశారు, మొదటిసారి చూస్తే తికమకే. ఎరుపు కప్లర్ బిగుతుగా ఉంది. దాని నాబ్ పూర్తిగా వెనక్కి తిప్పి తగిలించాలని, తగిలించాక ముందుకి తిప్పి తెరవాలని, తీసేముందు మళ్లీ వెనక్కి తిప్పాలని మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు, అది తెలియక మొదటిరోజు కొంచెం గ్యాస్ చేతిమీద చిమ్మింది. మంచులా కాలుతుంది, కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా అసలు చేయొద్దు. డబ్బాతో నింపేవాళ్లు ఇంజిన్ నడుస్తుండగా ఎరుపు వాల్వ్ తెరవకండి, ఆ ప్రెషర్ డబ్బాలోకి వెళ్తే అది పేలుతుంది.

కొత్త కార్లలో ఆర్1234వైఎఫ్ గ్యాస్ ఉంటే ఈ కప్లర్లు సరిపోవు, కొనేముందు బానెట్ స్టిక్కర్ చూసుకోండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లవాళ్లు దీని జోలికి రావద్దు, అక్కడ కంప్రెసర్‌కి వెళ్లేది హై వోల్టేజ్ కరెంటు. పాత ఆర్134ఏ బండి ఉన్నవాళ్లకి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను, తగ్గించిన ఆ ఒక్కటీ మాన్యువల్‌కే.